కెన్యా, టాంజానియా సఫారీకి క్యాష్ ఎంత పట్టుకెళ్ళాలి, టిప్ ఎవరికి ఎంత ఇవ్వాలి

మీరు రాసింది మొత్తం చదివానండి. జూలైలో మీరిద్దరూ, మీ అన్నయ్యా వదినా కలిసి నలుగురు, నైరోబీలో దిగి మసాయి మారా, నైవాషా, అంబోసెలీ చూసుకుని నమంగా బోర్డర్ దాటి టాంజానియాలోని అరూషా వచ్చి, అక్కడ్నించి టరంగిరే, సెరెంగెటి, ఎన్‌గోరోంగోరో. ఏజెంటేమో "టిప్ మీ ఇష్టం సార్" అన్నాడు, ఇంకెవరో మనిషికి రోజుకి 20 డాలర్లు అన్నారు, నలుగురికి లెక్కేస్తే గుండె గుభేల్మంది అన్నారు. నేను అరూషాలో ఉంటానండి, ఇక్కడ టూర్ కంపెనీలకి అకౌంట్స్ రాయడమే నా పని, కాబట్టి డ్రైవర్‌కి కంపెనీ ఏమిస్తుంది, లాడ్జ్ టిప్ బాక్స్‌లో డబ్బు ఎటు పోతుంది అన్నది నాకు కాయితాల మీద కనిపిస్తుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "మీ ఇష్టం" గురించి. రూల్ ప్రకారం కరెక్టే, టిప్ ఇవ్వకపోతే మిమ్మల్ని ఎవరూ ఆపరు. కానీ ఇక్కడ డ్రైవర్ గైడ్‌లలో చాలామంది పర్మనెంట్ ఉద్యోగులు కాదు, ట్రిప్ ఉంటే రోజుకింత అని వస్తుంది, లేకపోతే లేదు. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు పడేటప్పుడు టూరిస్టులు తగ్గిపోతారు, చాలా క్యాంపులు మూసేస్తారు, అప్పుడు ఇంట్లో కూర్చోవడమే. జూలై నుంచి అక్టోబర్ దాకా వచ్చిన టిప్పులతోనే పిల్లల స్కూల్ ఫీజులు కట్టుకునేవాళ్ళు బోలెడుమంది. చీప్‌గా ప్యాకేజీ అమ్మే కంపెనీల్లో అయితే టిప్ వస్తుంది కదా అని రోజు డబ్బులే తగ్గించి ఇస్తారు, ఇది నేను లెక్కల్లో చూసే విషయం. కాబట్టి టిప్‌ని చివరి రోజు జేబులో మిగిలింది తీసి ఇచ్చేదిగా అనుకోకండి, టికెట్లు హోటల్ డబ్బులతో పాటే ముందే ఒక పక్కన పెట్టేయండి. అలా పెట్టేస్తే ట్రిప్‌లో ఆ టెన్షనే ఉండదు.

ఇక ఎంత అన్నది. మీది ప్రైవేట్ జీప్, నలుగురే, కాబట్టి డ్రైవర్ గైడ్‌కి బండి మొత్తం మీద రోజుకి 20 నుంచి 25 డాలర్లు మర్యాదైన టిప్. మళ్ళీ చెప్తున్నా, బండి మొత్తానికి, మనిషికి కాదు. మీకు ఎవరో చెప్పిన మనిషికి 20 లెక్క రాత్రికి వెయ్యి డాలర్లు పైన ఉండే లగ్జరీ క్యాంపుల్లో అమెరికన్లు ఇచ్చే లెక్క, అది మీ బడ్జెట్‌కి సంబంధం లేదు. అలాగని నలుగురు కలిసి రోజుకి 5 డాలర్లు ఇస్తే మాత్రం తప్పండి, పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆ దుమ్ములో, ఆ గతుకుల్లో బండి నడుపుతూ, బైనాక్యులర్ కూడా లేకుండా చెట్టు మీద చిరుతని పట్టి చూపించే మనిషి అతను. వేరేవాళ్ళతో కలిసి షేరింగ్ జీప్‌లో వెళ్ళేవాళ్ళయితే మనిషికి రోజుకి 5 నుంచి 8 అనుకోవచ్చు.

మీ రూట్‌లో అందరూ మర్చిపోయే పాయింట్ ఒకటుంది. కెన్యా సఫారీ బండి టాంజానియా పార్కుల్లోకి రాదు, నమంగా దగ్గర బండి మారాలి, డ్రైవర్ కూడా మారతాడు. అంటే మీకు ఇద్దరు డ్రైవర్లు. కెన్యాలో వారం రోజులు మీతో ఉన్నతను బోర్డర్ దగ్గర సామాన్లు దించేసి వెళ్ళిపోతాడు, అతని టిప్ అప్పటికే రెడీగా ఉండాలి. బోర్డర్‌లో ఇమిగ్రేషన్ లైను, ఎల్లో ఫీవర్ టీకా కార్డ్ చూపించడం, పూసల దండలు అమ్మేవాళ్ళు చుట్టూ మూగడం, ఈ గొడవలో నిలబడి పర్సు తీసి నోట్లు లెక్కపెట్టడం అస్సలు మంచిది కాదు. ముందురోజు రాత్రి అంబోసెలీ లాడ్జ్‌లోనే కవర్లో పెట్టి పేరు రాసి పెట్టుకోండి, పొద్దున్న బయల్దేరే ముందే ఇచ్చేయండి. ఇంకోటి, నమంగాలో "చేంజ్ చేంజ్" అంటూ రోడ్డు మీద డబ్బు మార్చేవాళ్ళు వెంటపడతారు, రేటు ఎక్కువ చెప్తారు, మధ్యలో నోట్లు మడిచి తక్కువ లెక్కపెట్టడం, కెన్యాలో 2019 సెప్టెంబర్ చివరికే రద్దయిపోయిన పాత వెయ్యి నోట్లు అంటగట్టడం, అన్నీ జరుగుతాయి. వాళ్ళ వైపు చూడకుండా వెళ్ళిపోండి, మార్చుకోవాలంటే అరూషాలో బ్యాంకులోనో ఫారెక్స్ బ్యూరోలోనో మార్చుకోవచ్చు, పాస్‌పోర్ట్ మాత్రం చేతిలో ఉండాలి.

లాడ్జ్‌లకి వస్తే, దాదాపు ప్రతిచోటా రిసెప్షన్ పక్కన టిప్ బాక్స్ ఒకటి ఉంటుంది. అందులో పడింది అందరూ పంచుకుంటారు, వంటగదిలో గిన్నెలు కడిగేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, తోటపని వాళ్ళు, మీకు మొహం కూడా కనిపించని వాళ్ళందరికీ వెళ్ళేది ఆ బాక్సే. మనిషికి రాత్రికి 3 నుంచి 5 డాలర్లు, నలుగురికి కలిపి 15 అనుకోండి, రోజూ వెయ్యక్కర్లేదు, ఖాళీ చేసే రోజు మొత్తం కలిపి ఒకేసారి వేసేస్తే చాలు. అయితే చెకిన్ అప్పుడే ఒక మాట అడగండి, "ఈ బాక్స్‌లో అస్కారీలకి కూడా వాటా ఉందా" అని. అస్కారీ అంటే వాచ్‌మన్, కంచె లేని క్యాంపుల్లో చీకటి పడ్డాక మీ అంతట మీరు టెంట్ దాటి రాకూడదు, టార్చ్ పట్టుకుని వచ్చి డిన్నర్‌కి తీసుకెళ్ళి మళ్ళీ దింపేది ఇతనే, రాత్రి ఏనుగులో అడవిదున్నలో టెంట్ల మధ్యకి వస్తే మేలుకుని ఉండేదీ ఇతనే. కొన్నిచోట్ల వీళ్ళు వేరే కాంట్రాక్ట్ మీద ఉంటారు, బాక్స్‌లో వాటా రాదు. అలా అయితే అస్కారీకి విడిగా చేతికిచ్చేయండి, కెన్యాలో 200, 300 షిల్లింగ్‌లు, టాంజానియాలో 5,000 ఇచ్చినా సంతోషిస్తాడు.

మీ వదినగారు ఉల్లి వెల్లుల్లి కూడా తినరని రాశారు కదా, దాని గురించి కూడా. ఇక్కడ వంటవాళ్ళకి వెజిటేరియన్ అంటే బాగా తెలుసు, చపాతీ ఈ దేశాల్లో అందరూ తినేదే, పప్పు కూరలూ తెలుసు, కానీ ఉల్లి లేకుండా అంటే విడిగా వండాలి, 60 మంది గెస్టులున్న కిచెన్‌లో అది నిజంగా అదనపు పనే. అలా ఎవరైనా శ్రద్ధగా చేసి పెడితే ఆ కుక్‌ని పిలిపించమని అడిగి మీ చేత్తోనే ఇవ్వండి, బాక్స్‌లో వేసినదానికి ఇది అదనం. లాడ్జ్‌లు కాకుండా క్యాంపింగ్ సఫారీ చేసేవాళ్ళకి సొంత కుక్ బండిలోనే వస్తాడు, అతనికి గ్రూప్ మొత్తం మీద రోజుకి 10 నుంచి 15 డాలర్లు ఇవ్వాలి. మీకు అది లేదు కాబట్టి లెక్కలో వెయ్యట్లేదు.

ఇప్పుడు మీ టోటల్ చూద్దాం. కెన్యా డ్రైవర్ 7 రోజులు, రోజుకి 25 చొప్పున 175. టాంజానియా డ్రైవర్ 5 రోజులు, 125. మారా 3 రాత్రులు, నైవాషా 1, అంబోసెలీ 2, టరంగిరే 1, సెరెంగెటి 2, కరాటు (ఎన్‌గోరోంగోరో పక్కన ఊరు) 1, మొత్తం 10 రాత్రులు, 15 చొప్పున 150. బ్యాగులు మోసేవాళ్ళు (బ్యాగుకి డాలర్ విలువ చాలు), నైరోబీ అరూషాల్లో హోటల్ వెయిటర్లు, ఎయిర్‌పోర్ట్ డ్రైవర్, అన్నీ కలిపి ఒక 40. మొత్తం 490, రౌండ్‌గా నలుగురి మీద 500 డాలర్లు, అంటే మనిషికి 125. పన్నెండు రోజులకి ఇది. మీరు భయపడ్డ లెక్కకీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

డాలర్లా షిల్లింగ్‌లా అన్నారు. నా సలహా ఏంటంటే పెద్ద టిప్ పెద్ద డాలర్ నోట్‌లో, చిన్న టిప్ లోకల్ షిల్లింగ్‌లో. ఎందుకంటే ఇండియా నుంచి వచ్చేవాళ్ళు చాలామంది ఒక్క డాలర్ నోట్లు కట్టలు కట్టలు తెస్తారు, టిప్పులకి పనికొస్తాయని. ఆ ఒక్క డాలర్ నోటు తీసుకున్న మనిషి దాన్ని మార్చుకోవాలంటే బ్యాంక్‌కి పోవాలి, అతనుండేది సెరెంగెటి మధ్యలో, నెలకోసారి ఊరికి వెళ్తాడు. పోనీ వెళ్ళినా 1, 5, 10 నోట్లకి రేటు తక్కువిస్తారు, 50, 100 నోట్లకే మంచి రేటు, కొన్ని బ్యూరోలు ఒక్క డాలర్ నోట్లు అసలు ముట్టుకోవు. అదే 500 షిల్లింగ్‌ల కెన్యా నోటు ఇస్తే ఆ సాయంత్రమే వాడుకుంటాడు. కాబట్టి డ్రైవర్‌కి 100 నోటు, 50 నోటు, పైన మిగిలింది షిల్లింగ్‌లు. పోర్టర్‌కి, అస్కారీకి, వెయిటర్‌కి షిల్లింగ్‌లే. విదేశీ నాణేలు మాత్రం ఇవ్వొద్దండి, వాటిని ఏ బ్యాంకూ మార్చదు, ఇచ్చినా ఇవ్వనట్టే.

ఆ డాలర్ నోట్లు ఎలాంటివి తెస్తారన్నది ఇంకా ముఖ్యం. నీలం గీత ఉన్న కొత్త 100 నోట్లు 2013లో వచ్చాయి, అవే తెచ్చుకోండి. పాతవి, అందులోనూ 2009కి ముందు సిరీస్ నోట్లు ఇక్కడ చాలాచోట్ల తీసుకోరు, అమెరికాలో చెల్లుతుంది కదా అని వాదించినా లాభం లేదు. చిన్న చిరుగు ఉన్నా, పెన్ను గీత ఉన్నా, స్టాంప్ గుర్తు ఉన్నా, మడత దగ్గర అరిగిపోయినా వెనక్కి ఇచ్చేస్తారు. మన దగ్గర నోట్ల మీద లెక్కలు రాయడం, పిన్ను కొట్టడం మామూలే కాబట్టి ఫారెక్స్ షాపులో వాళ్ళు ఏదిస్తే అది కవర్లో పెట్టుకుని వచ్చేయకండి, కౌంటర్ దగ్గరే ఒక్కో నోటూ రెండువైపులా చూసుకుని, బాలేనిది మార్చమని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో కాకుండా ఊళ్ళోనే ముందుగా తీసుకుంటే రేటు కూడా నయం.

మన ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఒక్కో మనిషి ఒక ట్రిప్‌కి 3,000 డాలర్ల దాకా క్యాష్‌గా తీసుకోవచ్చు, మిగతాది కార్డ్‌లో. మీకు అంత అక్కర్లేదు. నలుగురికి కలిపి 1,200 డాలర్ల క్యాష్ చాలనుకుంటున్నా: టిప్పులకి 500, టాంజానియా వీసా బోర్డర్‌లో తీసుకుంటే 50 చొప్పున 200 (ముందే ఆన్‌లైన్‌లో చేసుకుంటే ఇది ఉండదు, చేసుకోమనే నా మాట), మసాయి తెగవాళ్ళ ఊరు చూడ్డానికి, కొనుగోళ్ళకి 300, అవసరానికి 200 పక్కన. ఇది నలుగురూ పంచుకుని పెట్టుకోండి, ఒక్కరి బ్యాగులోనే అంతా వద్దు. లెక్క మాత్రం ఒక్కరే చూడాలి, నలుగురూ నాలుగు వైపుల నుంచి ఇస్తే ఒకరికి రెండుసార్లు వెళ్ళి ఇంకొకరికి అసలు వెళ్ళదు.

ఇందులో కొంత షిల్లింగ్‌లుగా మారిపోతుంది. నైరోబీ ఎయిర్‌పోర్ట్‌లో ఏటీఎంలు ఉన్నాయి, ఒకసారికి 40,000 షిల్లింగ్‌లు వచ్చే మెషీన్లు ఎక్కువ, డాలర్‌కి ఈమధ్య 130కి కాస్త అటూ ఇటూ ఉంది కాబట్టి అది 300 డాలర్ల పైమాటే, మీకు 20,000 తీసుకుంటే కెన్యాకి సరిపోతుంది. దాదాపు అన్నీ 1,000 నోట్లే వస్తాయి, దారిలో ఏ నైవాస్ సూపర్‌మార్కెట్‌లోనో నీళ్ళ బాటిళ్ళు, బిస్కెట్లు కొని 100లు, 200లుగా విడగొట్టుకోండి, మారాలోకి వెళ్ళాక చిల్లర దొరకదు. చివరి బ్యాంకులుండే పెద్ద ఊరు మారాకి ముందు నరోక్. టాంజానియాలో 10,000 నోటే పెద్ద నోటు, దాని విలువ నాలుగు డాలర్లే, అందుకని షిల్లింగ్‌లు తీస్తే పర్సు మూతపడదు, అరూషాలో ఏటీఎం నుంచి ఒకసారికి సాధారణంగా 4,00,000 దాకా వస్తుంది, మీకు అందులో సగం చాలు. సెరెంగెటిలోకి వెళ్ళే దారిలో కరాటులో బ్యాంకులున్నాయి, అది దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. ఏటీఎంలో గానీ కార్డ్ మెషీన్‌లో గానీ "రూపాయల్లో కట్ చెయ్యాలా, షిల్లింగ్‌లోనా" అని అడిగితే ఎప్పుడూ షిల్లింగే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళిష్టం వచ్చిన రేటు వేస్తారు.

కార్డ్‌లు వీసా, మాస్టర్‌కార్డ్ తెచ్చుకోండి, రూపే మీద ఆధారపడొద్దు. నైరోబీలో కార్డ్ ఎక్కడైనా నడుస్తుంది, టాంజానియాలో చాలాచోట్ల కార్డ్‌కి పైన కొంత పర్సెంట్ కలుపుతారు, సిగ్నల్ పోయిందంటే మెషీనే పనిచెయ్యదు. పార్క్ ఫీజులు మీ ప్యాకేజీలో ఉండే ఉంటాయి, ఒకసారి కాయితం మీద చూసుకోండి, మారా ఒక్కటే జూలై నుంచి డిసెంబర్ దాకా విదేశీయులకి రోజుకి మనిషికి 200 డాలర్లు, అది ప్యాకేజీలో లేకపోతే మీ బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది, పైగా ఈ రెండు దేశాల్లోనూ పార్క్ గేట్ల దగ్గర క్యాష్ తీసుకోవడం దాదాపు మానేశారు. టాంజానియాలో 2025 మార్చి నుంచి దేశం లోపల ధరలు విదేశీ కరెన్సీలో చెప్పకూడదని, తీసుకోకూడదని రూల్ పెట్టారు, కాబట్టి షాపుల్లో, రెస్టారెంట్లలో షిల్లింగ్‌లోనే కట్టడానికి సిద్ధంగా ఉండండి.

కెన్యాలో ఇంకో దారి ఎంపెసా, 2007లో సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ మొదలుపెట్టింది, మనకి ఫోన్‌పే గూగుల్‌పే రాకముందే వీళ్ళు మామూలు బటన్ ఫోన్‌లో డబ్బు పంపుకునేవాళ్ళు. పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకుంటే మీకూ ఎంపెసా తెరుస్తారు, రోడ్డు పక్కన మొక్కజొన్న కంకి అమ్మే ఆమె దాకా అందరూ తీసుకుంటారు, డ్రైవర్లకి కూడా ఇలా వస్తేనే హాయి, చేతిలో క్యాష్‌తో రాత్రి ఊరికి వెళ్ళక్కర్లేదు. వారం రోజుల కోసం అంత అవసరమా అంటే మీ ఇష్టం, కానీ సిమ్ ఎలాగూ తీసుకుంటారు కదా.

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికన్నా ముఖ్యం. జూలైలో మీరు వెళ్ళేది మైగ్రేషన్ టైమ్, అంటే జంతువులు మందలుగా వలస వెళ్ళే కాలం, మారా నది దగ్గర విల్డబీస్ట్‌లు (దుప్పిలాంటి పెద్ద జంతువులు) దాటేచోట బండ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ చాలామంది డ్రైవర్‌తో "ఇంకా దగ్గరికి పోనీ, రోడ్డు దించు, పైన 50 డాలర్లిస్తాం" అంటారు. మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో కూడా విన్నాను ఈ మాట. దయచేసి అలా చెయ్యకండి. సెరెంగెటిలో రోడ్డు దిగడం నిషేధం, మారాలో కూడా ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకి మించి ఉండకూడదని రూల్ ఉంది, పట్టుకుంటే ఫైన్ పడేది, పార్క్‌లోకి రాకుండా ఆపేది డ్రైవర్‌నే, మీరు విమానం ఎక్కి వెళ్ళిపోతారు. చీతా పగలే వేటాడుతుంది, చుట్టూ బండ్లు మూగితే వేట చెదిరిపోతుంది, పిల్లలున్న చీతాకి ఒక్కపూట వేట పోయినా కష్టమే. నదిలో దిగబోయే మందకి అడ్డంగా బండ్లు నిలిపితే అవి వెనక్కి తిరుగుతాయి, తొక్కిసలాటలో దూడలు తల్లుల నుంచి విడిపోతాయి. డబ్బు అవసరమున్న మనిషికి డబ్బు ఆశ చూపించి తప్పు చేయించడం అది. మొదటి రోజే మీరే చెప్పేయండి, "మాకు దగ్గరగా ఫోటోలు రాకపోయినా పర్లేదు, రూల్ ప్రకారమే వెళ్దాం, టిప్‌కి దీనికి సంబంధం లేదు" అని. ఆ మాట విన్నాక డ్రైవర్ ఎంత ఫ్రీ అవుతాడో, నిజంగా తనకి తెలిసిన అడవిని ఎలా చూపిస్తాడో మీరే చూస్తారు. అలాగే సింహం కనపడలేదనో చిరుత దొరకలేదనో టిప్ తగ్గించకండి, అది అతని చేతిలో లేదు. అతను ఆలస్యంగా వచ్చినా, ఫోన్‌లో మాట్లాడుతూ నడిపినా, మీ మాట పట్టించుకోకపోయినా అప్పుడు తగ్గించండి, కానీ చివరిదాకా మనసులో పెట్టుకోకుండా ఆ రోజు సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి, డ్రైవర్‌ని మార్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మసాయి ఊళ్ళు చూడ్డానికి ప్రవేశం డబ్బులు అడుగుతారు, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల బండికి, కొన్నిచోట్ల మనిషికి. లోపలికి వెళ్ళే ముందే మొత్తం ఎంత, ఫోటోలు కలిపేనా అని మాట్లాడేసుకుని ఊరి పెద్దకి ఇచ్చేయండి, లోపలికి వెళ్ళాక ఇంకోసారి అడిగితే ఇచ్చేశామని మర్యాదగా చెప్పండి. రోడ్డు పక్కన పశువులు కాసుకునే పిల్లలు చెయ్యి చాపుతారు, జాలేస్తుంది, కానీ డబ్బులు చాక్లెట్లు ఇవ్వొద్దండి, ఆ రోడ్డు మీద నిలబడితే డబ్బులొస్తాయని తెలిస్తే బడి మానేస్తారు. నైరోబీ నుంచి మారా దారిలో రిఫ్ట్ వ్యాలీ వ్యూపాయింట్ దగ్గర బొమ్మల షాపులు వరసగా ఉంటాయి, బాత్రూమ్‌కని ఆపుతారు, అక్కడ మొదట చెప్పిన ధరలో సగం కన్నా తక్కువ నుంచి బేరం మొదలుపెట్టొచ్చు.

ఇచ్చే పద్ధతి సింపులే. కవర్లు ఇంటి నుంచే ఒక పది తెచ్చుకోండి, నలుగురి తరఫునా ఒకే కవరు, కుడిచేత్తో ఇచ్చి, కళ్ళలోకి చూసి "అసాంతే సానా" (స్వాహిలీలో చాలా థ్యాంక్స్ అని) చెప్పండి. చివరి రోజు మీ టాంజానియా డ్రైవర్ ఎన్‌గోరోంగోరో క్రేటర్ నుంచి నేరుగా ఎయిర్‌పోర్ట్‌కి తెస్తాడు, అక్కడ దిగే హడావిడిలో కాకుండా కరాటులో టీకి ఆగినప్పుడే ఇచ్చేస్తే బాగుంటుంది. మిగిలిన షిల్లింగ్‌లు మన ఊళ్ళో ఎవరూ తీసుకోరు కాబట్టి కెన్యావి నమంగాకి ముందే వాడేయండి, టాంజానియావి మిగిలితే అదే కవర్లో కలిపేయండి.

మీ లాడ్జ్‌ల పేర్లు కూడా పెట్టండి, ఎక్కడ కామన్ బాక్స్ ఉందో, ఎక్కడ అస్కారీకి విడిగా ఇవ్వాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.